కనికరమును మేల్కొలిపిన స్త్రీలు

మన అధ్యక్ష ఖండపు శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి పంపుమని సంపాదక వర్గమువారు మమ్మును కోరినప్పుడు, ఏ విషయమును గూర్చి వ్రాయుదుమా అని కొన్ని దినములు ఆలోచించితిమి. దేవాలయముల నిర్మాణమును గూర్చియు, బిషప్పుల పరిచర్యను గూర్చియు, పాఠశాలల స్థాపనను గూర్చియు మాకంటె అనుభవజ్ఞులైన పెద్దలు వ్రాయుచున్నారు.

మా పాస్టరేటు దేవాలయములో, గురువులు అంగీలు ధరించు చిన్నగది గోడకు ఒక చెక్కపలక వ్రేలాడుచున్నది. ఆదినుండి నేటివరకు ఈ సంఘమును కాచిన గురువుల పేర్లును, వారు పనిచేసిన సంవత్సరములును దానిమీద తెల్లరంగుతో వ్రాయబడియున్నవి. అన్నిటికంటె క్రిందనున్నది మా పేరే. ఒక ఆదివారము ఆరాధనకు ముందు ఆ పలకను చదువుచుండగా, అందులో ఒక్క స్త్రీ పేరైనను లేదని మొదటిసారిగా మా మనస్సునకు తట్టినది. ప్రతి ఆదివారము చూచుచున్న పలకలో అంత పెద్ద లోటు ఇన్నాళ్లు మాకు కనబడకపోవుట మాకే సిగ్గు కలిగించెను. ఆ సిగ్గునుండియే ఈ వ్యాసము పుట్టినది.

స్త్రీలు ఎన్ని ఆసుపత్రులు కట్టిరి, ఎన్ని బడులు నడిపిరి అని లెక్క చెప్పుట మా ఉద్దేశము కాదు. వారు ఇతరుల హృదయములలో కనికరమును ఎట్లు మేల్కొలిపిరి అనునదియే మా ప్రశ్న.

వేదాంత కళాశాలలో హెబ్రీ భాష నేర్చుకొన్న దినములలో ఒక మాట మమ్మును ఆకర్షించెను. పాత నిబంధనలో కనికరమునకు వాడబడిన 'రహమీమ్' అను మాట, స్త్రీ గర్భమును తెలుపు 'రెహెమ్' అను మాటకు చుట్టము. దేవుని కనికరమును చెప్పవలసి వచ్చినప్పుడు ఆ భాష తల్లి కడుపును జ్ఞాపకము చేసికొన్నది. నిర్గమకాండము రెండవ అధ్యాయములో, నీళ్లలో తేలుచున్న పెట్టె తెరచి ఏడ్చుచున్న బిడ్డను చూచి, ఫరో కుమార్తె కనికరపడెను. చంపుమని ఆజ్ఞ ఇచ్చినవాడు ఆమె తండ్రియే. ఆ రాజకుమార్తె పేరు ఆ గ్రంథములో లేదు. అపొస్తలుల కార్యములలో దొర్కా చనిపోయినప్పుడు, విధవరాండ్రు ఆమె కుట్టిన వస్త్రములను పేతురునకు చూపుచు ఏడ్చిరి. ఆ విధవరాండ్ర పేర్లును లేవు. కనికరము చేసినవారి పేరైనను, దానిని మేల్కొలిపినవారి పేరైనను తప్పిపోవుట వేదకాలమునుండి ఉన్నదే. మన నేలమీదను అట్లే జరిగినది.

తిండివనములో ఒక రాత్రి

దక్షిణ భారతమునందు స్త్రీల వైద్యమును గూర్చి చెప్పునప్పుడు ఐడా స్కడ్డరు పేరు చెప్పక తప్పదు. ఆమె 1870లో జన్మించెను. తాతయు తండ్రియు మిషనెరీ వైద్యులే. అయినను ఆమెకు మిషనెరీ జీవితమునందు ఏమాత్రము ఇష్టము లేదు. అమెరికాలో చదువుకొని అక్కడనే స్థిరపడవలెనని ఆమె కోరిక. 1890లో తల్లి అస్వస్థతగా ఉన్నదని కొంతకాలము సహాయము చేయుటకు మాత్రమే తమిళదేశములోని తిండివనమునకు వచ్చెను.

ఆ దినములలో ఒక రాత్రి ఒకరి వెంట ఒకరు ముగ్గురు పురుషులు ఆమె వాకిట నిలిచిరి. ఒకడు బ్రాహ్మణుడు, ఒకడు ముస్లిము, ఒకడు మరియొక పెద్దకులపు హిందువు. ముగ్గురి మాటయు ఒక్కటే: చిన్నవయస్సుగల భార్య ప్రసవము కాక బాధపడుచున్నది, అమ్మగారు రావలెను. తనకు వైద్యము తెలియదనియు, తన తండ్రి వైద్యుడు గనుక ఆయన వచ్చుననియు ఆమె చెప్పెను. పరపురుషుడు తమ స్త్రీని చూడరాదని ముగ్గురును మరలిపోయిరి. తెల్లవారులోపల ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి.

ఆ రాత్రి ఐడా స్కడ్డరు తన జీవితమును మార్చుకొనెను. అమెరికాకు తిరిగివెళ్లి, 1895లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరి, తరువాత కార్నెల్ విశ్వవిద్యాలయములో చదువు ముగించి 1899లో పట్టా పొందెను. మరుసటి సంవత్సరము వేలూరు చేరెను. 1902లో అచ్చట ఆసుపత్రి తెరువబడెను. 1918లో స్త్రీల కొరకు వైద్య పాఠశాల ఆరంభమయ్యెను. అదియే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలగా ఎదిగినది. 1947లో పురుషులకును అందులో ప్రవేశము దొరకెను. మన తెలుగు కుటుంబములలో 'వేలూరు తీసికొనిపోయినాము' అను మాట వినని ఇల్లు అరుదు.

ఈ కథను మనము పలుమారులు విన్నాము, ప్రసంగములలో చెప్పినాము. చెప్పునప్పుడు ఐడా స్కడ్డరు పిలుపును గూర్చి చెప్పుదుము. కాని ఆ పిలుపును పిలిచినది ఎవరు? పెదవి విప్పి ఆమెతో ఒక్క మాటయైన ఆడని ముగ్గురు స్త్రీలు. వారిలో క్రైస్తవురాలు ఒక్కతెయు లేదు. ఆసుపత్రి గోడమీద వారికి శిలాఫలకము లేదు. అయినను వేలూరు పునాదిలో మొదటి మూడు రాళ్లు వారే అని మేము నమ్ముచున్నాము.

గుంటూరు డాక్టరమ్మ

ఐడా స్కడ్డరు చేరిన అదే ఫిలడెల్ఫియా కళాశాలలో, ఆమెకు చాల ముందు, 1879లో పట్టా పొందిన మరియొక వనిత అన్నా సారా కుగ్లరు. పెన్సిల్వేనియా రాష్ట్రములో 1856లో జన్మించిన ఈమె, చదువు ముగిసిన పిమ్మట అదే రాష్ట్రములోని ఒక మానసిక వైద్యశాలలో పనిచేయుచుండెను. 1882లో గుంటూరునుండి లూథరను మిషనెరీ రెవరెండ్ ఎ. డి. రో వ్రాసిన ఉత్తరము ఆమె చేతికి చేరెను. పురుష వైద్యుని దగ్గరకు రాలేని తెలుగు స్త్రీలు వైద్యము లేక బాధపడుచున్నారు, స్త్రీ వైద్యులు రావలెను అనునదియే ఆ ఉత్తరపు సారాంశము.

ఇచ్చటను మనము గమనింపవలసినది అదే. ఉత్తరము వ్రాసినది దొరగారు, చదివినది దొరసానిగారు. వారిద్దరి నడుమ నిలిచినవారు గుంటూరు ఇండ్లలో తలుపుల వెనుక మూలుగుచుండిన మన అమ్మలు, అమ్మమ్మలు.

ఆమె బయలుదేరుట సులభము కాలేదు. ఆమెను పంపవలసిన స్త్రీల మిషనెరీ సంఘము వైద్యపు పని చేపట్టుటకు ఇంకను సిద్ధముగా లేదు. ఇంటింటికి వెళ్లి స్త్రీలకు చదువు చెప్పు పనికి మాత్రమే పంపగలమనిరి. ఆమె దానికే ఒప్పుకొని, మందులు కూడ వెంటపెట్టుకొని, 1883 నవంబరులో గుంటూరు చేరెను. మొదట పెద్దకులముల ఇండ్లలో ఆమెను అంటరానిదానిగా చూచిరి, ఆమె తాకిన వస్తువులను కడిగి శుద్ధి చేసికొనిరి. ఆమె కోపగించుకొనక మరల మరల వెళ్లెను. కొన్ని సంవత్సరములలోనే, వైద్యము వద్దన్న సంఘమే ఆమెను వైద్య మిషనెరీగా నియమించెను. 1893లో మందులిచ్చు శాల, 1898లో ఆసుపత్రి తెరువబడినవి.

వద్దన్నవారి మనస్సు కరుగుట ఈ కథలో ఒక భాగము. మన ఊరివారి మనస్సు కరుగుట మరియొక భాగము. ఏలూరు జమీందారు, తెలుగు కవి, రాజా మంత్రిప్రగడ భుజంగరావు బహద్దరుగారి భార్య కుగ్లరమ్మగారి చికిత్సవలన కోలుకొనెను. హిందువైన ఆ జమీందారు కృతజ్ఞతతో, రోగుల వెంట వచ్చు బంధువులు నిలుచుటకు ఆసుపత్రి దగ్గర వసతిగృహము కట్టించెను. ఆలోచించి చూడుడి. తన ఇంటి మేలుకు కానుక ఇచ్చి ఊరకుండవచ్చును. కాని ఆయన తన ఎరుగని రోగి బంధువులు, రాత్రివేళ ఎచ్చట పండుకొందురు, ఎచ్చట వండుకొందురు అని తలంచెను. మేలు పొందినవాడు ఎరుగనివానికి మేలు చేయబూనుటయే కనికరము పాకినదనుటకు గురుతు.

ప్రభుత్వమువారు 1905లో కుగ్లరమ్మగారికి కైజర్-ఇ-హింద్ పతకము ఇచ్చిరి. ఆమె 1930లో గుంటూరులోనే ప్రభువునందు నిద్రించెను. ఆమె పేరే ఆసుపత్రికి నిలిచినది.

డిచ్‌పల్లి

తెలంగాణ ప్రాంతమునకు వచ్చినచో ఇసబెల్ కెర్ చరిత్ర కలదు. స్కాట్లండు దేశస్థురాలు. 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయములో వైద్య పట్టా పొంది, భర్త రెవరెండ్ జార్జి కెర్ గారితో 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చెను. వీరు వెస్లియను మెథడిస్టు మిషనువారు. నిజామాబాదులో కుష్ఠువ్యాధిగ్రస్తులు వైద్యము లేక, ఇల్లు లేక తిరుగుట ఆమె చూచెను. అయినవారే ఊరిబయటికి నెట్టివేసిన మనుష్యులు వారు. 1911లో వారికొరకు చిన్న ఆశ్రయము ఆరంభించిరి. వచ్చువారు ఎక్కువై చోటు చాలలేదు.

అప్పుడు ముందుకు వచ్చినవాడు రాజా నర్సాగౌడ్. ఆయనయు హిందువే. ఆయన ఇచ్చిన ధనసహాయముతో పెద్ద ఆశ్రయమునకు దారి ఏర్పడి, 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలసెను. ఆ కాలములో ఈ వ్యాధికి నేటి మాత్రలు లేవు. చాల్మూగ్రా నూనెను సూదిమందుగా వాడిరి. అది నొప్పి కలిగించు చికిత్స, నెలలు సంవత్సరములు సాగునది. ఊరు విడిచిపెట్టిన మనిషి దగ్గర కూర్చుండి, వారము వారము ఆ సూది వేయుటకు చేతి నేర్పు ఒక్కటే చాలదు. ఇసబెల్ కెర్ 1932లో మరణించువరకు ఈ పనిలోనే ఉండెను.

మేము ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పగోరుచున్నాము. ఈ దొరసానులు దేవదూతలు కారు. వారును తమ కాలపు మనుష్యులే. మన ఆచారములను, మన జనులను తక్కువగా తలంచిన వ్రాతలు ఆనాటి మిషనెరీల పత్రములలో కలవు. కనికరము క్రైస్తవుల సొత్తు కూడ కాదు. కోనసీమలో లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు, గోదావరి దాటి ఆకలితో వచ్చు బాటసారులకు వేళ అనక, కులము అడుగక అన్నము పెట్టి 1909లో కన్నుమూసిరి. ఆమెకు మిషను లేదు, జీతము లేదు, సభ లేదు. ఉన్నది ఒక పొయ్యి, తెరచిన తలుపు. ఆమె పేరు చెప్పి నేటికిని అన్నదానము చేయువారు కలరు. దేవుడు తన దీపమును తనకిష్టమైన ఇంట వెలిగించును.

పలకమీద లేనివారు

ఇంతవరకు చెప్పిన పేర్లు గ్రంథములలో దొరకునవి. కాని ఒక డాక్టరమ్మ ఊరిలోనికి వచ్చిన దినమున ఆమెకు దారి చూపినది ఎవరు? తెలుగు మాట నేర్పినది ఎవరు? భయముతో తలుపు వేసికొన్న ఇల్లాలితో 'ఏమీ చేయదు, తీయమ్మా' అని చెప్పినది ఎవరు? మన బైబిలు స్త్రీలు. వారిలో పలువురు విధవరాండ్రు. చాల మంది, ఊరివారు దూరముంచిన కులములనుండి వచ్చినవారు. చాలీచాలని జీతముతో, చెప్పులు లేని కాళ్లతో, సంచిలో వేదపుస్తకము పెట్టుకొని పల్లె పల్లెకు తిరిగిరి.

ఆసుపత్రులలో నర్సుల సంగతియు అంతే. రక్తము, మలమూత్రములు ముట్టుకొను పని నీచమని తలంచి, గౌరవముగల కుటుంబములు తమ కుమార్తెలను ఆ పనికి పంపని కాలము ఒకటి ఉండెను. ఆ కాలములో భారతదేశపు నర్సులలో అత్యధికులు క్రైస్తవ యువతులే. పరాయివారి పుండ్లు కడిగిన ఆ చేతులను చూచి చూచి, ఆ పని గౌరవమైనదని దేశము నేర్చుకొన్నది. అది ప్రసంగమువలన జరిగినది కాదు.

ఇక మా సంగతి ఒకటి దాచక చెప్పవలెను.

మేము వేదాంత కళాశాలనుండి పట్టా పుచ్చుకొని మొదటి పాస్టరేటుకు వచ్చి ఒక సంవత్సరమైనను కాలేదు. హెచ్.ఐ.వి. వ్యాధి మన కోస్తా జిల్లాలలో ఇల్లిల్లు తట్టుచుండిన కాలమది. ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు మందులు 2004లో ఆరంభమైనను, మా పల్లెలవరకు ఇంకను చేరలేదు. ఒక ఊరిలో భర్తను పోగొట్టుకొన్న యౌవనస్త్రీని అత్తింటివారు పశువుల పాకలో పడవేసిరని విని, సంఘపెద్దలతో వెళ్లితిమి. మాతో ఒక ముసలి బైబిలమ్మయు వచ్చెను. ఆమె పని విరమించి పది సంవత్సరములు దాటినది.

పాక గుమ్మము దగ్గరకు చేరగానే దుర్వాసన కొట్టినది. ఆ స్త్రీ లేవలేని స్థితిలో, తన మలినములోనే పడియుండెను. ముట్టుకొన్నంత మాత్రమున ఆ వ్యాధి అంటదని మేము చదివియుంటిమి. యువజన కూటములో ఆ సంగతి బోధించియుంటిమి. అయినను మా కాళ్లు గుమ్మము దాటలేదు. అచ్చటనే నిలిచి, కన్నులు మూసికొని, మంచి మంచి మాటలతో దీర్ఘమైన ప్రార్థన చేసితిమి. ఆమేన్ చెప్పి కన్నులు తెరచునప్పటికి బైబిలమ్మ లోపలనుండెను. చీర కొంగు నడుమున దోపుకొని, ఆ బిడ్డ తలను తన ఒడిలో పెట్టుకొని, మావైపు చూచి నెమ్మదిగా చెప్పెను:

"ప్రార్థన బాగుందండి అయ్యగారూ. ఇక రెండు బిందెలు నీళ్లు తోడించి పెట్టండి."

ఆమె మమ్మును గద్దించలేదు. అందుకే ఆ మాట ఇంతకాలము మాలో నిలిచినది. మేమే బావికి వెళ్లి నీళ్లు తోడి తెచ్చితిమి. మాతో వచ్చిన పెద్దలలో ఒకరు ఇంటికి పోయి పాత దుప్పటి తెచ్చిరి. మరునాడు ఎదురింటి ఇల్లాలు, ఆమె మన సంఘస్థురాలు కాదు, గంజి కాచి పంపెను. తరువాత స్త్రీల మైత్రివారు వంతులు వేసికొనిరి. నెల తిరుగకముందే అత్తగారు వచ్చి కోడలిని పాకనుండి వసారాలోనికి మార్చెను. ఆ స్త్రీ మరి నాలుగు నెలలు బ్రదికెను. ఆమె ఒంటరిగా చనిపోలేదు.

ఒక ముసలమ్మ గుమ్మము దాటుటతో ఒక ఊరు దాటినది. జాలికిని కనికరమునకును భేదము ఆ దినమున నేర్చుకొంటిమి. జాలి మాలోను ఉండెను, కన్నీరు కూడ వచ్చెను. కాని అది గుమ్మము బయటనే నిలిచినది.

మనము చేయదగినది

మన సంఘ చరిత్రలు తరచుగా ఒక తీరున వ్రాయబడినవి: సముద్రము దాటి దయ మనయొద్దకు వచ్చెను, మనము పుచ్చుకొంటిమి. ఇది సగము సత్యము. తిండివనములో మరణించిన ముగ్గురు, గుంటూరులో తలుపుల వెనుక బాధపడినవారు, నిజామాబాదు వీధులలో తిరిగిన కుష్ఠురోగులు, వీరే ఆ దయను పిలిచినవారు. వచ్చిన దయను ఇంటింటికి మోసినవారు మన బైబిలు స్త్రీలు, మన నర్సులు. ఈ రెండవ సగము వ్రాయనియెడల మన పిల్లలు తమ్మును పుచ్చుకొనువారినిగానే ఎంచుకొందురు. ఇచ్చుట తమకు వంశపారంపర్యముగా వచ్చినదని వారికి తెలియదు.

అందుచేత చదువరులకు మా మనవి ఇది. ప్రతి పాస్టరేటులోను ఎనుబది దాటిన అమ్మలు ఇంకను ఉన్నారు. స్త్రీల మైత్రివారును యువజనులును వారి దగ్గర కూర్చుండి, మొదటి బైబిలు స్త్రీ ఎవరు, మొదటి నర్సు ఎవరు, కరువులో గంజి కాచినది ఎవరు అని అడిగి వ్రాసికొనవలెను. ఈ పని ఇప్పుడే చేయవలెను. అమ్మలు ఎల్లకాలము ఉండరు.

మా పాస్టరేటు కమిటీ గురువుల పలక ప్రక్కన మరియొక పలక పెట్టుటకు తీర్మానించినది. మేము చెప్పిన బైబిలమ్మ పేరు అందులో ఉండును. ఆమె ఉండియుంటే వద్దనెడిదే. జ్ఞాపకము చేసికొనువారు లేనందున పేరు దొరకనివారి కొరకు ఒక వరుస ఖాళీగా విడువవలెనని కమిటీలో ఒక సోదరి చెప్పగా, అందరును ఒప్పుకొనిరి.

పలక వేయుటతో పని ముగియదని మాకు తెలియును. మిషనువారు కట్టించిన కొన్ని ఆసుపత్రులలో నేడు వార్డులు మూతపడియున్నవి. కట్టడములను మరమ్మతు చేయుటకు చందాలు పోగుచేయుదుము, అది మంచిదే. కాని మన వీధిలో నేడు ఏ పాకలో ఎవరు పడియున్నారు? ముసలితనములో విడువబడిన తల్లి కావచ్చును, మతి చలించిన కుమార్తె కావచ్చును. వారు మనలను పిలుచుచున్నారు. మొదటి శతాబ్దములో ఆ పిలుపు విని గుమ్మము దాటినవారు ఉండబట్టియే మనము ఈ ఉత్సవము చేసికొనుచున్నాము. రెండవ శతాబ్దపు చరిత్ర వ్రాయువారికి మనము ఏ సంగతి విడిచిపెట్టుదుమో మన చేతిలోనే ఉన్నది.

తల్లి కడుపువంటి కనికరముగల దేవుడు మన కాళ్లకు గుమ్మము దాటు బలమును, మన చేతులకు నీళ్లు తోడు వినయమును అనుగ్రహించును గాక. ఆమేన్.